ప్లాస్టిక్ మీద కోపం సరే, పొలంలో ప్లాస్టిక్ సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా జూన్ 5, పర్యావరణ దినం దగ్గరపడితే పత్రికల్లో ‘ప్లాస్టిక్ భూతం’ కథనాలు వరసగా వస్తాయి. కాలువల్లో కవర్లు, ఆవుల కడుపుల్లో కవర్లు, చెరువు గట్టున కవర్లు. అందులో అబద్ధం లేదు. కానీ చదివినవాళ్ళకు మిగిలేది ‘ప్లాస్టిక్ అంటేనే చెడ్డది’ అన్న ఒక్క ముక్కే. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చీనీ (బత్తాయి) తోట బతికి ఉందంటే, టమాటా సాగవుతోందంటే అందులో సగం పుణ్యం నల్లటి 16 మిల్లీమీటర్ల డ్రిప్పు పైపుది. కూరగాయల కవరునూ ఈ పైపునూ ఒకే గాటన కట్టేస్తే రైతుకు పనికొచ్చే మాట ఒక్కటీ రాయనట్టే. ఏ పనికి ఏ ప్లాస్టిక్ వాడాలి, ఎంత మందం ఉండాలి, ఎక్కడ పాడవుతుంది, పాడయ్యాక ఏం చేయాలి అన్నవి కూడా పత్రికలో రావాలని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించకుండా వేయగలరు.

ముందు నీళ్ళ లెక్క చూద్దాం. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు నీళ్ళు నిలిపితే 4,047 లీటర్లు. కాలువ తీసి మడికి పారిస్తే అందులో పైరుకు చేరేది 40 నుంచి 60 శాతమనీ, డ్రిప్పులో 90 శాతం దాకా చేరుతుందనీ సాగునీటి పుస్తకాలు చెబుతాయి. బోరులో అంగుళంన్నర నీళ్ళు కూడా సరిగా రాని చోట ఈ తేడా మీదే తోట ఉండేదీ ఎండేదీ తేలుతుంది. చుక్క చుక్కగా నీళ్ళిచ్చే ఆలోచన పాతదే. చవకగా, తుప్పు పట్టకుండా, వేల చోట్ల సమానంగా చుక్క వదిలే గొట్టం దొరికింది మాత్రం ప్లాస్టిక్ వచ్చాకే. మన దగ్గర 2003లో సూక్ష్మసేద్య పథకం (ఏపీఎంఐపీ) మొదలయ్యాక ఇది చిన్న రైతు చేతికీ అందింది.

లాటరల్ పైపు, అంటే మొక్కల సాలు వెంట పరిచే ఆ సన్న గొట్టం, ఎందుకు నల్లగా ఉంటుందో చాలామందికి తెలియదు. అది పాలిథీన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే ఉత్త పాలిథీన్ రెండు మూడు వేసవులకే పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది. అందుకే తయారీలో సుమారు 2 నుంచి 3 శాతం కార్బన్ బ్లాక్, అంటే మసి లాంటి నల్లపొడి కలుపుతారు. ఎండ దెబ్బను ఆ పొడే కాస్తుంది. తెల్ల పీవీసీ పైపుకు ఈ కాపు లేదు. అందుకే బోరు నుంచి లాటరళ్ళ దాకా నీళ్ళు తెచ్చే మెయిన్, సబ్‌మెయిన్ పైపుల్ని అడుగున్నర నుంచి రెండడుగుల లోతున పూడ్చమంటారు. ఖర్చు మిగుల్తుందని గట్టు మీద వదిలేసిన పీవీసీ కొన్నేళ్ళకు గోధుమరంగుకు తిరిగి, గునపం తగిలితే గాజులా పగులుతుంది. తప్పు ప్లాస్టిక్‌ది కాదు, పెట్టిన చోటుది.

రెండింటి అతుకూ వేరే. పీవీసీ జిగురుకు అతుక్కుంటుంది. పాలిథీన్ మామూలు జిగురు దేనికీ అతుక్కోదు, దానికి జాయినరో వేడి అతుకో కావాలి. ఇంట్లో పగిలిన బకెట్‌కు ఎన్ని రకాల గమ్ము పూసినా ఊడిపోయేదీ ఇందుకే. పీవీసీ అతికేటప్పుడు రెండు ముఖాలూ తుడిచి, గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది, సాల్వెంట్‌ను (పీవీసీ జిగురును) రెండు వైపులా పల్చగా పూసి, పావు తిప్పు తిప్పుతూ నెట్టి అరనిమిషం పట్టుకోవాలి. అదే రోజు మోటారు వేసి పూర్తి ఒత్తిడి ఇస్తే కీలు ఊడుతుంది. ఒక రోజు ఆగడం మంచిది.

ఇక డ్రిప్పు పరిచేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు. పాలిథీన్ వేడికి బాగా సాగుతుంది. 100 మీటర్ల లాటరల్ మిట్టమధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ 30 డిగ్రీల తేడా ఉంటే దాదాపు అర మీటరు సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. ఎండలో బిగుతుగా లాగి కట్టిన పైపు రాత్రికి ముడుచుకుని టేకాఫ్ (సబ్‌మెయిన్‌కు లాటరల్‌ను కలిపే ముక్క) దగ్గర ఊడి వస్తుంది. ఉదయం మోటారు వేసేసరికి సబ్‌మెయిన్ దగ్గర మడుగు కడుతుంది, గ్రోమెట్ (టేకాఫ్ చుట్టూ ఉండే రబ్బరు వాషరు) బాగాలేదని కంపెనీని తిడతారు. కాస్త వదులుగా, పాము నడకలా వంకర ఉంచి పరిచి, అక్కడక్కడా పుల్ల గుచ్చితే చాలు.

పైపు బాగుందో లేదో కంటితో తేలదు. కొలవాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు (పైపుకు ఉండే, చుక్క వదిలే భాగం) నిమిషానికి 67 మిల్లీలీటర్లు, 2 లీటర్లది 33 మిల్లీలీటర్లు వదలాలి. మందు కొలిచే ప్లాస్టిక్ గ్లాసొకటి డ్రిప్పరు కింద పెట్టి, ఫోనులో నిమిషం చూసుకుని, సాలు మొదట్లో, మధ్యలో, చివర్లో పట్టండి. మూడింటికీ పదో వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో మూసుకుపోతోందని అర్థం. చెట్టు వాడిపోయే దాకా ఆగి అప్పుడు వెతకడం కన్నా, నెలకొకసారి ఈ గ్లాసు పరీక్ష చేసుకోవడం తేలిక.

మూసుకుపోవడానికి మూడు కారణాలు. ఇసుక, పాచి, ఉప్పు. ఇసుకకు, నీళ్ళను సుడి తిప్పి దాన్ని వేరుచేసే హైడ్రోసైక్లోనూ జాలీ ఫిల్టరూ ఉన్నాయి. ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న గేజీల్లో ఒత్తిడి తేడా అర కిలో దాటితే విప్పి కడగాలి. జాలీకి చిల్లి పడిందని అది తీసేసి ఖాళీ డబ్బాతో నడిపేవాళ్ళున్నారు. ఆ పని చేస్తే ఒక్క పంటకే డ్రిప్పు మొత్తం పోతుంది. పాచి ఎక్కువగా కుంట నీళ్ళతో వస్తుంది, బ్లీచింగ్ తేటనీటితో పోతుంది. బ్లీచింగ్ పొడిని తెచ్చి నేరుగా వెంచురీలో (మందునూ ఎరువునూ పైపు నీళ్ళలోకి పీల్చే పరికరంలో) వేయకూడదు. ముందు రోజు నానబెట్టి, అడుగున దిగిన సున్నం రాకుండా పైతేట మాత్రమే వంచుకోవాలి.

మన సీమ బోరు నీళ్ళకు అసలు శత్రువు ఉప్పు. డ్రిప్పరు రంధ్రం చుట్టూ తెల్లటి పొరలా కట్టేది కాల్షియం కార్బొనేటు. దానికి ఆమ్లం ఒక్కటే మందు. ఎంత పోయాలన్నది పక్క రైతును అడిగితే తేలదు, మీ బోరు నీళ్ళను అడగాలి. పది లీటర్ల బకెట్‌లో మీ నీళ్ళే పట్టి, 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని సిరంజితో ఒక్కో మిల్లీలీటరు వేస్తూ, కలుపుతూ, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) కాగితం ముంచి చూడండి. 4 చూపగానే ఆపేయండి. 6 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. అంటే లీటరుకు 0.6. మీ సెక్షన్‌లో (ఒక్కసారి నీళ్ళు వదిలే భాగంలో) గంటకు 13,500 లీటర్లు పారుతుంటే నిమిషానికి 225 లీటర్లు, నిమిషానికి 135 మిల్లీలీటర్ల ఆమ్లం. పావుగంట వెంచురీ నడిపితే మొత్తం రెండు లీటర్లు. చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ కాగితం పెట్టి అక్కడిదాకా ఆమ్లం చేరిందో లేదో చూసి, మోటారు ఆపి ఒక రోజు అలాగే వదలాలి. మర్నాడు లాటరళ్ళ చివరి మూతలు (ఎండ్ క్యాపులు) అన్నీ తీసి, తెల్లగా వచ్చే నీళ్ళు తేటపడే దాకా కడగాలి. ఈ ఆఖరి పని చేయకపోతే కరిగిన మడ్డి మళ్ళీ పోయి డ్రిప్పరులోనే కూర్చుంటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి గానీ ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. ఆమ్లమూ బ్లీచింగూ ఒకే రోజు, ఒకే డ్రమ్ములో అస్సలు కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, పంపు గదిలాంటి ఇరుకు చోట అది ప్రాణం తీస్తుంది.

ఎరువుల సంగతీ ఇలాంటిదే. కాల్షియం నైట్రేటును భాస్వరం ఎరువుతోనో సల్ఫేటుతోనో ఒకే డ్రమ్ములో కలిపితే డ్రిప్పరులో సుద్దముక్క పెట్టినట్టే. పొటాష్ కావాలంటే తెల్లది తెచ్చుకోండి. ఎర్రదానిలోని ఇనుప మన్ను కరగదు.

మల్చింగ్ షీటుకు వద్దాం. టమాటా, మిరప, కర్బూజ, పుచ్చ వేసేవాళ్ళు బోదెల మీద పరిచే షీటుకు పైన వెండి రంగు, కింద నలుపు. నల్ల ముఖం వెలుతురు పోనివ్వదు కనుక కలుపు మొలవదు. తుంగ ఒక్కటి మాత్రం షీటునే పొడుచుకుని పైకొస్తుంది, కాబట్టి తుంగ ఉన్న చేనులో ముందు దాన్ని తేల్చుకోవాలి. వెండి ముఖం ఎండను వెనక్కి కొడుతుంది. ఆ మెరుపుకు తామర పురుగు, తెల్లదోమ, పేనుబంక మొదటి రోజుల్లో మొక్క మీద వాలడం తగ్గుతుంది. ఆకుముడత తెచ్చేవి ఇవే కాబట్టి మిరప రైతుకు ఇది పెద్ద మేలు. షీటు తలకిందులుగా, నలుపు పైకి పరిస్తే మన ఎండలకు నారు కాడ మాడుతుంది.

షీటు కొనేటప్పుడు మోసపోవడం చాలా సులువు. మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) చూసే పరికరం ఎవరి దగ్గరా ఉండదు. తక్కెడ మాత్రం అందరి దగ్గరా ఉంది. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న రోలు 30 మైక్రాన్లదైతే సుమారు 13 కిలోలు తూగాలి. 25 మైక్రాన్లదైతే 11 కిలోలు. లోపలి అట్టగొట్టం బరువు దీనికి అదనం. తొమ్మిది కిలోలే తూగితే అది 20 మైక్రాన్లదన్నమాట, లేదంటే పొడవులో కోత పడిందన్నమాట. అయిదడుగుల దూరంలో బోదెలు తోలితే ఎకరాకు ఆరేడు రోళ్ళు పడతాయి. లెక్క వేసుకోండి, రోలుకు రెండు కిలోలు తగ్గితే ఎవరి జేబు నిండుతోందో.

పరిచే ముందు లాటరల్ వేసి, నీళ్ళు వదిలి, అన్ని డ్రిప్పర్లూ కారుతున్నాయని చూసుకోవాలి. షీటు కప్పాక మూసుకుపోయిన డ్రిప్పరు దొరకదు. మిట్టమధ్యాహ్నం పరవకూడదు. అప్పుడు సాగి ఉన్న షీటు రాత్రికి ముడుచుకుని అంచు మన్నులోంచి లేస్తుంది. అంచులు నాలుగైదు అంగుళాలు మట్టిలో దిగాలి, లేకుంటే గాలి కిందకు దూరి బోదె మొత్తం గాలిపటమవుతుంది. రంధ్రాలు గుండ్రంగా వేయాలి. బ్లేడుతో ఇంటూ గుర్తు కోస్తే ఆ మూలల నుంచే చిరుగు సాగుతుంది. నిప్పులు పోసిన గొట్టంతో ఒక్కసారి అద్దితే అంచు కరిగి గట్టిపడుతుంది, చిరగదు. రంధ్రం రెండు మూడు అంగుళాలు ఉండాలి, వేడెక్కిన అంచు కాడకు తగలకూడదు.

నీటికుంటకు అడుగున పరిచే 500 మైక్రాన్ల షీటు ఇంకుడును దాదాపు ఆపేస్తుంది. ఎర్ర గరప నేలల్లో అది లేకుండా కుంట తవ్వడం దండగ. రాళ్ళు, వేళ్ళు ఏరేసి, పైగట్టు చుట్టూ అడుగున్నర గాడి తీసి షీటు అంచును అందులో పూడ్చాలి. కుంట పూర్తిగా ఎండిపోనివ్వకూడదు. మీరు రాయాల్సింది ఇంకోటుంది. ఆ షీటు తడిస్తే జారుడుబండ. పిల్లవాడో మేకో జారితే పట్టు దొరకదు, ఈత వచ్చినవాళ్ళు కూడా పైకి రాలేరు. నాలుగు పక్కలా ముడులు వేసిన నైలాన్ తాడు వేలాడదీయడం, చుట్టూ కంచె వేయడం ఖర్చులో భాగమే అనుకోవాలి.

మదనపల్లె టమాటా మార్కెట్‌లో ప్లాస్టిక్ క్రేట్లు చూసేవాళ్ళకు వాటి గొప్ప కనబడదు. గంపలో, చెక్కపెట్టెలో పై పెట్టె బరువు కింది కాయ మీద పడుతుంది. క్రేటులో ఆ బరువు గోడల మీదుగా నేలకు దిగుతుంది. అంచు దాటి గుట్టగా నింపితే మాత్రం ఈ లాభం పోతుంది, క్రేటు కాయ మీద కూర్చుంటుంది. దించగానే బ్లీచింగ్ నీళ్ళతో కడిగితే ఒక లోడు కుళ్ళు మరో లోడుకు అంటదు.

కందులూ పెసలూ దాచుకునే మూడు పొరల సంచుల గురించి కూడా ఓ మాట. పైన మామూలు అల్లిక సంచి, లోపల గాలి చొరని రెండు పాలిథీన్ సంచులు. బాగా ఎండబెట్టిన గింజ పోసి, గాలి నొక్కేసి, లోపలిదాన్నీ మధ్యదాన్నీ పైదాన్నీ విడివిడిగా మెలిపెట్టి కట్టాలి. లోపలున్న పురుగు తన ఊపిరితోనే ఆక్సిజన్ అవగొట్టుకుని చస్తుంది. మందు బిళ్ళల అవసరం ఉండదు, ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు ఇదొక్కటే చాలు. తడి గింజ పోస్తే మాత్రం బూజు పడుతుంది. మధ్యలో చిటికెడు చూద్దామని విప్పితే మళ్ళీ గాలి చేరుతుంది. యూరియా సంచి ఈ పనికి రాదు. దాని అల్లికలోంచి గాలి ఆడుతుంది. ఎండకు ఎక్కువ కాలం నిలవదు కాబట్టి కొట్టం మీద కప్పితే త్వరగా పీలికలవుతుంది. కప్పాలంటే టార్పాలిన్ తెచ్చుకోవడమే.

ఇంటి సంగతి క్లుప్తంగా. డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ళ సీసా రకం, వేడి నీళ్ళు పోస్తే మెత్తబడి వంకరపోతుంది. 2, 4 పాలిథీన్లు. 5 పాలిప్రొపిలీన్, వేడికి కాస్త నిలుస్తుంది, టిఫిన్ డబ్బాలు ఎక్కువగా ఇదే. 3 పీవీసీ, 6 థర్మోకోల్ జాతి, వీటిలో వేడి తిండి పెట్టుకోకండి. అంకె చెరిగిపోతే ముక్క కోసి నీళ్ళ తొట్టిలో వేయండి. 2, 4, 5 తేలతాయి, 1, 3 మునుగుతాయి. పాత సామాను కొనేవాళ్ళు వేరుచేసేదీ ఇలాగే. ఇన్ని మెచ్చుకున్నా ఊరగాయకు మాత్రం జాడీయే. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. అడుగంతా సమంగా ఆనే దిమ్మె కట్టాలి గానీ రెండు ఇనుప కడ్డీల మీద నిలబెడితే అడుగు పగులుతుంది.

ఇక నిషేధం. 2022 జూలై 1 నుంచి నిషేధించినవి ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, చెవిపుల్లలు, అలంకరణ థర్మోకోల్, స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి పొర, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు వగైరా. అదే ఏడు డిసెంబరు 31 నుంచి చేతి సంచికి 120 మైక్రాన్లు ఉండాలి. వీటిలో ఎక్కువ భాగం పది నిమిషాలు వాడి పారేసేవి. వీటి మీద ఎంత గట్టిగా రాసినా మాకు సంతోషమే. పైపులు, క్రేట్లు, ట్యాంకులు ఆ జాబితాలో లేవు. ‘ప్లాస్టిక్ రహిత గ్రామం’ అని తోరణం కట్టి (ఆ తోరణమూ ఫ్లెక్సీయే) పంచాయతీ నీళ్ళను పీవీసీ గొట్టంలోనే తెచ్చుకునే చోట ఈ తేడా చెప్పడం పత్రిక పని.

పొలం ప్లాస్టిక్‌కూ చెత్త ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అందులో మల్చింగ్ షీటు అన్నిటికన్నా కష్టం. పల్చటిది పంట అయ్యేసరికి చిరిగి, ముక్కలు దుక్కిలో కలుస్తాయి. తీసినా దానికి పట్టుకున్న మట్టి బరువు షీటు బరువును మించుతుంది, అందుకే పాత సామానువాళ్ళు ముట్టుకోరు, రైతు గట్టు మీద అగ్గి పెడతాడు. చేయగలిగింది కొంత ఉంది. 25 మైక్రాన్లకు తక్కువది కొనకపోవడం, ఆఖరి కోత అయ్యాక నీళ్ళు ఆపి నేల ఎండాకే షీటు తీయడం, దులిపి చుట్టగా చుట్టడం. లాటరల్‌కు ఈ బాధ లేదు. కడిగిన నల్ల పాలిథీన్‌కు కిలో లెక్కన ధర పలుకుతుంది. పీవీసీ ముక్కల్ని మాత్రం మంటలో వేయవద్దు. దాని పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు, డయాక్సిన్లు ఉంటాయి.

చివరగా మీకో మనవి, అధికారులకో సూచన. మీ వ్యవసాయ పేజీలో పైపుల మీద చూడాల్సిన ఐఎస్ఐ నంబర్లు ఒక్కసారి వేయండి. లాటరల్‌కు ఐఎస్ 12786, ఇన్‌లైన్‌కు (లోపలే డ్రిప్పర్లు ఉండే పైపుకు) 13488, పీవీసీకి 4985, నీళ్ళ ట్యాంకుకు 12701. రైతు పైపు మీది అచ్చును చదువుకునే సరుకు తీసుకుంటాడు. రాయితీ మీద రెండోసారి డ్రిప్పు ఇచ్చేటప్పుడు పాత లాటరల్‌ను తూకం వేసి అప్పగించిన రసీదు అడగండి. ఆ బరువుకు తగ్గ డబ్బు రైతు వాటాలో తగ్గించండి. కంపెనీ బండి కొత్త చుట్టలు దించి ఖాళీగా వెళ్ళేదేగా, పాతవి ఎక్కించుకుని పోతుంది.

ఇట్లు,
డ్రిప్పు బిగింపు, మరమ్మతు పనివారు,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా